తలుపు కథకి ముగింపు పెట్టకండి

మాస్టారు పోయారన్న కబురు నాకు కంచె మీదుగా వచ్చింది. ఈ పరాయి దేశంలో మేముండే టూంగాబీ పేటలో మా పెరటికీ వాళ్ల పెరటికీ మధ్య ఒక చెక్క కంచె ఉంది, నా భుజాల ఎత్తు. నేను బట్టలు ఆరేస్తున్నాను. చలికాలం ఎండ, పేరుకే ఎండ. ఆయన కూతురు అవతలి వైపు వచ్చి నిలబడింది. "ఆంటీ, నాన్నగారు పోయారు. హాస్పిటల్ నుంచి ఇందాకే కాల్ వచ్చింది" అంది.

నేను "ఊ" అన్నాను.

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. చావు కబురు చెబితే ఊ అంటుందేమిటీ ముసలిది అనుకునే ఉంటుంది. ఏం చెయ్యను? ఆ కంచె దగ్గర ఏడాదిన్నరగా నా నోరు నేర్చిన మాట అదొక్కటే. అటు నుంచి మాట వస్తే ఇటు నుంచి ఊ. ఆ తర్వాత ఏమైందో చెబుతుందని ఆగాను. ఆ తర్వాత ఏమీ లేదు. ఆమె లోపలికి వెళ్లిపోయింది. చేతిలో ఉన్న తడి చొక్కా ఆరేయడం నాకు చాలాసేపటికి గానీ గుర్తు రాలేదు.

నాకు అక్షరాలు రావు. నేను చెబుతుంటే మా కోడలు కంప్యూటర్‌లో కొడుతోంది. కొట్టాక పైకి చదివించుకుని వింటాను, అందం కోసం ఒక్క మాట చేర్చినా పట్టుకుంటాను. ఇది మన సంఘం పత్రికలో మాస్టారి కోసం వదిలిన పేజీ. ఈ పేజీ మీద పత్రిక చూసే డాక్టరు గారికీ నాకూ తగువు నడిచింది. మాస్టారు చెప్పిన కథ ఒకటి వేస్తామన్నారు. సంతోషం. దాని చివర్లో నాలుగు ముక్కలు కలిపి వేస్తామన్నారు. అక్కడ నేను ఒప్పుకోలేదు. "అయితే ఎందుకొద్దో మీరే చెప్పండి ఆంటీ, అదే వేస్తాం, చదివినవాళ్లు చెబుతారు" అన్నారు. అందుకని చెబుతున్నాను. మీరే వినండి.

మాస్టారిది తెనాలి వైపు. హైదరాబాదులో కాలేజీ పిల్లలకి రష్యా భాష చెప్పి చెప్పి, భార్య పోయాక కూతురి దగ్గరికి వచ్చేశారు. మా వాడు అందరి పిల్లల్లాగే వై టూ కే పని దొరికి వచ్చి, కుదురుకున్నాక నన్ను తీసుకొచ్చాడు. పగలు ఆ వీధిలో మనుషులుండరు. ఇంటింటికీ ఒక కుక్క, ఒక గడ్డి కోసే మిషను. నాకు పిచ్చెక్కేది. బట్టలు ఆరేస్తూ మా నాన్న చెప్పిన బుర్రకథలోంచి నాలుగు చరణాలు ఎత్తుకునేదాన్ని. ఒకరోజు కంచె మీద ఒక టోపీ కనిపించింది. గొర్రె బొచ్చుది, చెవుల మీదికి రేకులు దిగేది. మండుటెండలో. టోపీ కింద మాస్టారు.

"ఆ తానతందాన ఎవరిది చెల్లెమ్మా?" అన్నారు.

మా నాన్న కథకుడనీ, ఇద్దరు వంతల్లో ఒకాయనకి గొంతు పోతే చిన్నపిల్లనైన నన్ను నిలబెట్టాడనీ చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. "అయితే నీకు ఊ కొట్టడం వచ్చు" అన్నారు.

"ఊ కొట్టడం రాని మనుషులుంటారా మాస్టారూ?"

"ఉన్నారమ్మా. వాళ్లకే ముప్పయ్యేళ్లు పాఠం చెప్పాను."

ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆయన అటు కుర్చీ వేసుకునేవారు, నేను ఇటు పీట వేసుకునేదాన్ని. ఆయన గాజు గ్లాసులో పాలు లేని టీ పోసుకుని, చెంచాడు పళ్ల జామ్ నోట్లో పెట్టుకుని దాని మీంచి తాగేవారు. చూడలేక ఒకసారి బెల్లం ముక్క ఇచ్చాను. అది బుగ్గన పెట్టుకుని, "ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదే" అన్నారు. కథ చెప్పేటప్పుడు ఆ బొచ్చుటోపీ పెట్టుకునేవారు. కథ అయిపోగానే తీసి ఒళ్లో పెట్టుకునేవారు. వాళ్లమ్మాయికి అది చూస్తే సిగ్గు. ఎదురింటి తెల్లాయన మాత్రం రోజూ చెయ్యి ఊపేవాడు.

మొదటి రోజు చెప్పిన కథ ఇది. దీనికే తగువు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

ఒకాయన పొద్దున్నే లేచాడు. చూస్తే ఇంటికి తలుపు లేదు. తలుపుండే చోట గోడ ఉంది. గోడకి పాత సున్నమే ఉంది. ఆయన కిటికీలోంచి పొరుగాయన్ని పిలిచాడు. అయ్యా, మా ఇంటికి తలుపు లేదు, ఒకసారి వచ్చి చూస్తారా అన్నాడు. పొరుగాయన చొక్కా వేసుకుని వచ్చాడు. వచ్చి తలుపు కొట్టాడు.

నేను ఊ అన్నాను. మాస్టారు మాట్లాడలేదు. మళ్లీ ఊ అన్నాను. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"అయిపోవడమేమిటి? తలుపు లేదన్నారుగా. ఏం కొట్టాడు?"

మాస్టారి కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను కోప్పడ్డానని కాబోలు అనుకుని నోరు మూసుకున్నాను. అందుకు కాదు. "ఇన్నేళ్లకి దీనికి రెండో ఊ విన్నాను" అన్నారు. అంతకన్నా ఏమీ చెప్పకుండా లోపలికి వెళ్లిపోయారు. బెండకాయలు తరుగుతున్నంతసేపూ నా బుర్రలో వాడెవడో తలుపు కొడుతూనే ఉన్నాడు.

ఆ కథ ఎవరిదో మర్నాడు చెప్పారు. రష్యాలో రాజుని దించేసిన రోజుల్లో కుర్రాళ్లు కొందరుండేవారట. కొత్త రాజ్యం వచ్చింది కదా, పాత మాటలు దేనికి, మాటలు కూడా కొత్తవి పుట్టిద్దామన్నారట. మొహాలకి రంగులు పూసుకుని బజార్లో తిరిగారు. అంతకు ముందు ఎవరూ అనని శబ్దాలతో పాటలు కట్టారు. కొత్త రాజ్యం మమ్మల్ని చూసి మురిసిపోతుందనుకున్నారు. మురిసింది కొన్నాళ్లు. వాళ్ల వెనకాల ఇంకా చిన్నవాళ్లు వచ్చారు, తలుపు కథల్లాంటివి రాసేవాళ్లు. అప్పటికి రాజ్యం ముదిరిపోయింది. ఏది రాసినా దీని అర్థమేమిటి, దీనివల్ల ఎవరికి లాభమని అడగడం మొదలుపెట్టింది. వీళ్లవి అచ్చెయ్యలేదు. పొట్టకూటికి పసిపిల్లలకి పాటలు రాసిచ్చేవారట పగలు. సొంతవి మాత్రం ఒకరి గదిలో ఒకరు కూర్చుని చదువుకునేవారు. ఆనక ఒక్కొక్కరి తలుపూ కొట్టారు. కొట్టి తీసుకుపోయారు. జైల్లో తిండి లేక పోయినవాళ్లున్నారు, ఎక్కడ పోయారో తెలియనివాళ్లున్నారు.

తర్వాత పెద్ద యుద్ధం వచ్చింది. లెనిన్‌గ్రాడ్ అనే ఊరి చుట్టూ శత్రువు ముట్టడి. లోపల తిండి లేదు, కట్టెల్లేవు. పుస్తకాలు పొయ్యిలో పెట్టి చలి కాచుకున్న ఊరది. ఆ ఊళ్లో, నిలబడడానికి ఓపిక లేని మనిషి ఒకాయన, ఆ కుర్రాళ్లలో జైలుకి పట్టుకుపోయిన స్నేహితుడి కాగితాలున్న పెట్టె మోసుకుపోయి దాచాడట. వాటితో ఒక పూట వేడి నీళ్లు కాగేవి. కాచుకోలేదు. ఆ కాగితాల్లో ఏముంది? తలుపు లేదు, వచ్చి తలుపు కొట్టాడు, అనే కదా.

మాస్టారు ఆ ఊళ్లోనే చదువుకున్నారు, యుద్ధమైపోయిన చాలా ఏళ్లకి. ఆయన అద్దెకున్న ఇంటి పెద్దావిడ ఆ కుర్రాళ్లని ఎరిగిన మనిషి. వాళ్ల రాతలు కొన్ని ఆవిడ నోట్లో ఉండిపోయాయి. కాగితం మీద ఉంటే దొరుకుతాయి, నోట్లో ఉంటే ఎవరు వెతుకుతారు? వంటింట్లో కుళాయి విప్పి, ఆ చప్పుడు మాటున ఒక్కో కథా చెప్పేదట. రాసుకోనిచ్చేది కాదు. తిరిగి అప్పజెప్పించుకునేది. తలుపు కథ విని మాస్టారు పకపకా నవ్వారట, కుర్రతనం. ఆవిడ కుళాయి కట్టేసి లోపలికి వెళ్లిపోయింది. చాన్నాళ్లు ఇంకో కథ చెప్పలేదు. "నవ్వినందుకు కాదమ్మా కోపం" అన్నారు మాస్టారు. "నవ్వి ఊరుకున్నందుకు. తర్వాతేమైందని నేను అడగలేదు."

మాస్టారు ఆ దేశం వదిలి వచ్చేటప్పుడు ఆవిడ ఒకటే అడిగిందట: వీటిని మీ భాషలోకి తీసుకుపో, అక్కడ వీటిని ఎవరూ వెతకరు.

హైదరాబాదులో ఆయన వీటిని పట్టుకుని తిరగని చోటు లేదు. రష్యా పుస్తకాలంటే ఇష్టపడేవాళ్లు, ఇందులో కార్మికుడెక్కడ అన్నారు. ఇష్టపడనివాళ్లు, ఇందులో రష్యాని తిట్టిందెక్కడ అన్నారు. మిగిలినవాళ్లు చివర్లో నీతి పెట్టి తెమ్మన్నారు. ఆయన పెట్టలేదు. అచ్చూ కాలేదు.

ఇక్కడ నేనొక మాట చెప్పాలి. తెల్లదొరల కాలంలో మా నాన్న బుర్రకథకి పోలీసులు అడ్డం పడేవారు. అయినా చెప్పేవాడు. హాస్యపు వంత పిచ్చి పిచ్చి మాటలు మాట్లాడితే పోలీసాయన కడుపు పట్టుకుని నవ్వేవాడు. ఆ నవ్వులో మా నాన్న అనాల్సిన మాట అనేసేవాడు. ఇది మాస్టారికి చెప్పి, "మీ కుర్రాళ్లు హాస్యపు వంతలు మాస్టారూ" అన్నాను.

ఆయన ఆలోచించి తల అడ్డంగా ఊపారు. "కథకుణ్ణి ముందే పట్టుకుపోయారమ్మా. వంత ఒక్కడే మిగిలాడు. ఇక ఎవరికి వంత పలుకుతాడు చెప్పు?" అన్నారు. బుర్రకథలో పుట్టి పెరిగినదాన్ని, నడిమి మనిషి లేని అరుగు మీద పక్క మనిషి ఒక్కడే నిలబడి తందాన అంటుంటే ఎలా ఉంటుందో అప్పుడు కనిపించింది.

ఆయన పని చేసే తీరు చిత్రంగా ఉండేది. తెలుగులో కథ చెబుతూ నా ఊ వినేవారు. ఊ ఆలస్యమైతే ఆ మాట మార్చేవారు. ఒకసారి గోడకి పుస్తకాల్లో ఉండే మాటేదో వాడారు. నేను ఆగాను. "గోడ" అన్నారు. ఊ అన్నాను. అర్థం లేని శబ్దాల పాట ఒకటుంది, దాన్ని తెలుగు నోటికి తగ్గట్టు మళ్లీ మళ్లీ కట్టారు. ఒకనాడు అన్ని శబ్దాలకీ నా ఊ టక్కున పడింది. ఆయన కుర్చీలోంచి లేచి గడ్డిలో చుట్టూ తిరిగారు. ఏం అర్థమైందమ్మా అని అడిగారు. ఏమీ అర్థం కాలేదు, తాళం కుదిరిందన్నాను. "అర్థం అడిగేవాడికి ఎప్పుడూ తొందరమ్మా" అని టోపీ తీసి నాకు దణ్ణం పెట్టారు. తెచ్చి పెట్టుకున్న మర్యాద కాదది. నాకు వాళ్ల అరుగు మీద చోటిచ్చినట్టు అనిపించింది.

రెండు వేల సంవత్సరం వచ్చే ముందు సాయంత్రం మా పెరట్లో బార్బీ, అదే మాంసం కాల్చుకు తినే విందు, పెట్టుకున్నారు. మా వాడు ఆఫీసులో కాపలా. కంప్యూటర్లన్నీ ఆగిపోతాయి, కరెంటు పోతుందని ఇళ్లలో టబ్బుల నిండా నీళ్లు పట్టారు, కొవ్వొత్తులు కొన్నారు. మాస్టారికి అదంతా పండగలా ఉంది. రెండు సున్నాలకి భూగోళమంతా భయపడడం నా కుర్రాళ్లు చూసుంటే ఎంత మురిసిపోయేవారో అన్నారు. ఇంకా వెలుగుండగానే డాక్టరు గారు ఆయన్ని కథ చెప్పమన్నారు. మాస్టారు టోపీ పెట్టుకుని తలుపు కథ చెప్పారు.

చెప్పి ఆపగానే కంప్యూటర్ల అబ్బాయి ఒకడు, "ఇది బగ్ అంకుల్. తలుపు డిలీట్ చేశారు, కొట్టడం మాత్రం కోడ్‌లో ఉండిపోయింది" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికన్నా ఎక్కువ మాస్టారు నవ్వారు. "అదే బాబూ, అదే" అని వాడి భుజం తట్టారు.

డాక్టరు గారు మాత్రం, "అంతా బానే ఉంది గానీ, మోరల్ ఏంటి మాస్టారూ?" అన్నారు.

"మోరల్ లేదండీ" అన్నారు మాస్టారు. "పొరుగాయన ఉన్నాడు."

నాకు అంతవరకూ తలుపు కొట్టింది పోలీసనే అనిపించేది. తలుపు లేని ఇంటిని కూడా వదలరు అనుకునేదాన్ని. ఆ మాటతో కథ అటు తిప్పి పట్టుకున్నట్టయింది. పిలిస్తే చొక్కా వేసుకుని వచ్చాడు పాపం. తలుపు లేకపోయినా మర్యాదగా కొట్టాడు. లోపల మనిషి ఉన్నాడని కొట్టాడు. మరి ఏది నిజం? మాస్టారిని అడిగితే టీ తాగారు. ఏ గొడవా లేకుండా తెల్లారింది. టబ్బుల్లో నీళ్లు మొక్కలకి పోసుకున్నారు. "చూశావా చెల్లెమ్మా, ప్రపంచమంతా కలిసి కొట్టింది, తలుపు లేదు" అన్నారు. మూడో అర్థం! ఇన్ని పట్టేంత ఖాళీ అందులో ఎవరు పెట్టారో, ఏ చలిలో కూర్చుని పెట్టారో.

చలికాలం మొదట్లో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. తెలుగూ పోయింది, రష్యా భాషా పోయింది. వాళ్లమ్మాయి నన్ను కారులో తీసుకెళ్లింది. దారిలో తనంతట తనే చెప్పింది. "చిన్నప్పుడు నాకు ఒక్క కథ కూడా పూర్తిగా చెప్పలేదు ఆంటీ. అన్నీ మధ్యలో ఆపేసేవారు. నా మీద ఇంట్రస్ట్ లేదనుకుని అడగడం మానేశాను" అంది. ఆ పిల్ల మాటలో ఇన్నేళ్ల నొప్పి ఉంది. వాటికి ముగింపే అంత అని నేను చెప్పి ఉంటే నమ్మేది కాదు. ఊరుకున్నాను.

మంచం మీద మాస్టారు నన్ను చూశారు. నోరు కదిపారు. మాట రాలేదు. ఎడం చేత్తో దుప్పటి గీకుతున్నారు. అన్ని కథలు మోసిన మనిషి. ఆయనకి తలుపు పోయింది, గోడే మిగిలింది. నేను పొరుగుదాన్ని. కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదటి కథ నుంచి మొదలుపెట్టాను.

"ఊ" అన్నారు మాస్టారు.

ఆ ఒక్కటీ మిగిలింది ఆయనకి. వెళ్లినప్పుడల్లా చెప్పాను. ఆయన నా దగ్గర పెట్టినవన్నీ, ఏ మాట తర్వాత ఏ మాటో, అప్పజెప్పాను. ఆ వంటింటి పెద్దావిడ ఆయన చేత అప్పజెప్పించుకున్నట్టు. అర్థం లేని పాట కూడా పాడాను. పక్క మంచం ముసలాయన, ఏ దేశస్థుడో, వేలితో తాళం వేశాడు. చివరిసారి వెళ్లినప్పుడు తలుపు కథ చెప్పాను. వచ్చి తలుపు కొట్టాడు అని ఆపాను. మాస్టారు ఊ అన్నారు. నేను మాట్లాడలేదు. ఆయన నా మొహంలోకి చూస్తూ మళ్లీ ఊ అన్నారు. తర్వాతేమైంది అన్నట్టు. నలభై ఏళ్లు ఆ కథ చెప్పిన మనిషి, ఆ పెద్దావిడ దగ్గర అడగడం మర్చిపోయిన ప్రశ్న, నన్ను అడిగారు.

ఇప్పుడు చెప్పండి. డాక్టరు గారు కలుపుతామన్నది ఇది: ఇంతలో ఆయనకి మెలకువ వచ్చింది, అంతా కల, మన మీద మనకి నమ్మకముంటే దారి అదే దొరుకుతుంది. ఫోన్‌లో చదివి వినిపించారు. మంచివారే, చెడ్డ ఉద్దేశం లేదు. "ఎండింగ్ లేకపోతే రీడర్స్ కన్‌ఫ్యూజ్ అవుతారు ఆంటీ. మాస్టారికి మతి చలించిందనుకుంటారు. ఆయన గౌరవం కోసమే" అన్నారు.

"డాక్టరు గారూ, చివర్లో నీతి పెట్టడానికి ఒప్పుకుని ఉంటే ఆ కుర్రాళ్లు పెన్షన్లు తీసుకుని, మనవల్ని ఎత్తుకుని, మంచం మీద పోయేవాళ్లు" అన్నాను.

అయితే ఎందుకొద్దో మీరే చెప్పండి అని ఆయన అన్నది అప్పుడే.

నా వాదన అంతే. ఆ కథకి కింద జాగా వదిలెయ్యండి. ఆ జాగా కోసం ఒకడు ప్రాణం పోగొట్టుకున్నాడు, ఒకడు చలిలో పెట్టె మోశాడు, ఒకావిడ కుళాయి విప్పింది, ఒకాయన మండుటెండలో బొచ్చుటోపీ పెట్టుకుని మాకందరికీ నవ్వులాటయ్యాడు. మన పత్రికలో నాలుగు వేళ్ల జాగాకి కరువొచ్చిందా?

మొన్న మధ్యాహ్నం పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. వాళ్ల వైపు కంచె మీద ఆ టోపీ ఎండలో పెట్టి ఉంది, చెవులు రెండూ కిందికి వేలాడుతూ. కుర్చీ ఇంకా తియ్యలేదు. నాకేం తోచిందో, టోపీని చూస్తూ తలుపు కథ ఎత్తుకున్నాను. పైకే చెప్పాను, అలవాటు చొప్పున, మాటకీ మాటకీ మధ్య ఊకి సరిపడా ఆగుతూ. ఆ ఆగినచోట్ల ఏమీ లేదు. ఎక్కడో గడ్డి కోసే మిషను చప్పుడు.

పొరుగాయన చొక్కా వేసుకుని వచ్చాడు. వచ్చి తలుపు కొట్టాడు.

ఆపేశాను. క్లిప్పు చేతిలోనే ఉంది.

కంచె అవతల, టోపీ వెనకాల, ఎవరో కుర్చీలో కూర్చున్నట్టు కిర్రుమంది. ఆడ గొంతు, మెల్లగా, "ఊ" అంది.

నేను తిరిగి పలకలేదు. బట్ట జారిపోతున్నా పట్టుకోలేదు. కాసేపటికి ఆ పిల్ల మళ్లీ, ఈసారి కాస్త గట్టిగా, "ఊ" అంది.